ఒక కునుకు తీస్తే గానీ తెలియని ఇల్లు

పోయిన ఆదివారం కుప్పంలో మా ఎదురింటిని అమ్మకానికి చూపించడానికి ఒక బ్రోకర్ వచ్చాడు. చూపించింది మనుషులకు కాదు, ఫోనుకు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చొక్కాకి చిన్న మైకు తగిలించుకుని, "హాయ్ ఫ్రెండ్స్, ఈ రోజు మనం కుప్పంలోనే బెస్ట్ లొకేషన్‌లో ఉండాము" అంటూ గేటు దగ్గర ఎత్తుకుని వంటింటి గట్టు దాకా ఒకే ఊపిరిలో వెళ్ళిపోయాడు. ఆ ఇంటి వెనకే రైలు పట్టాలు. రైలు వచ్చినప్పుడల్లా వీడియో ఆపేసి, రైలు పోయాక మళ్ళీ గేటు దగ్గరికొచ్చి "హాయ్ ఫ్రెండ్స్" అని మొదలుపెట్టాడు. వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుకుంటున్న నాకు మదనపల్లె సిస్టరమ్మ గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. ఆమె అయితే రైలు ఎప్పుడొస్తుందో కనుక్కుని, సరిగ్గా ఆ వేళకే కొనేవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి ఉండేది.

ఆ నవ్వుతోనే మదనపల్లెలో నాతో పనిచేసిన టీచరుకి ఫోన్ చేసి సిస్టరమ్మ ఎట్లా ఉందని అడిగాను. "నీకు తెలీదా? ఎండాకాలంలోనే పోయింది గదే. పడుకునింది పడుకున్నట్టే పోయింది" అంది. ఇంకే విధంగా పోయిందని చెప్పినా నేను నమ్మేదాన్ని కాదేమో. చాట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆమె నాకు చుట్టం కాదు, మా కులం కాదు, మా దేవుణ్ణి మొక్కే మనిషి కూడా కాదు. మా ఇల్లు అమ్మిపెట్టిన బ్రోకర్, అంతే. బ్రోకర్ పోతే ఏడ్చేవాళ్ళు ఉంటారా అని మా ఆయన అనబోయి, తన కళ్ళు కూడా తుడుచుకుని ఊరుకున్నాడు.

పేరు రాయను. రాసినా మదనపల్లెలో ఎవరికీ తెలియదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది కాబట్టి అందరికీ సిస్టరమ్మ. ఉద్యోగంలో ఉన్నప్పుడు బాలింతలను చూడటానికి ఇంటింటికీ తిరిగేదట. అట్లా ఊళ్ళో సగం ఇళ్ళు ఆమెకు లోపలి నుంచి తెలుసు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, ఎవరికో ఇల్లు చూపించి, ఇంకెవరికో చూపించి, చివరికి అదే పనిగా పెట్టుకుంది. తెల్లచీర, నల్ల గొడుగు, భుజానికి గుడ్డసంచి. ఆ సంచిలో ఏముందో చూసినవాళ్ళెవరూ ఆమెను మర్చిపోలేరు. అందులో ఒక దుప్పటి, గాలి ఊదుకునే ఒక దిండు ఉండేవి.

మా సంగతి కూడా చెప్పాలి. మా ఆయనది కరెంటాఫీసులో ఉద్యోగం. ఏళ్ళ తరబడి కుప్పంలోనే. నేను మదనపల్లెలో టీచరును. ఆయన శనివారం రాత్రికి బస్సు దిగడం, సోమవారం కోడి కూయక ముందే బస్సెక్కడం. మా కాపురమంతా ఆదివారాల్లో జరిగింది. ఎట్టకేలకు నాకు కుప్పానికి బదిలీ అయింది, చేరడానికి గడువు అడిగి తీసుకున్నాను. అక్కడొక ఇల్లు కూడా దొరికింది. వెనక బావి, ముందు మల్లెపందిరి, చూడగానే ఇద్దరికీ నచ్చింది. ఆ ఇంటాయన మాత్రం, "వినాయకచవితి దాకా ఆగుతానమ్మా, ఆ పైన ఎవురొస్తే వాళ్ళకిచ్చేస్తా" అన్నాడు. మదనపల్లె ఇల్లు అమ్మితే గానీ ఆ ఇల్లు కొనలేం. పోనీ అద్దెకుందామా అంటే మా ఆయన ఒప్పుకోలేదు. అద్దెకని వస్తే మదనపల్లె ఇల్లు ఎప్పటికీ అమ్ముడుపోదని, అది అమ్ముడుపోకపోతే ఏదో ఒక వంకతో నేను మళ్ళీ వెనక్కి బదిలీ చేయించుకుని పోతానని ఆయన భయం. ఇక ఆయన ఉండే గది చూడాలి. మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరవాలంటే మంచం నిలబెట్టాలి.

అమ్మాలి సరే, ఎవరు కొంటారు? మేము కట్టుకున్నప్పుడు ఇంటి పక్కన కందిచేను ఉండేది. తర్వాత ఆ చేనులో కల్యాణమండపం లేచింది. మా హాలు కిటికీకి, వాళ్ళ మైకుకి మధ్య ఒక పిట్టగోడ అడ్డం. ముహూర్తాలున్న రోజుల్లో మా ఇంట్లో ఒకరితో ఒకరు సైగలతోనే మాట్లాడుకోవాలి.

సిస్టరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు గోడలు చూడలేదు, పట్టా అడగలేదు, తూర్పు ఎటని కూడా అడగలేదు. "మజ్జిగుంటే ఇంత పొయ్యమ్మా" అంది. తాగింది. మూతి తుడుచుకుని, హాలు మధ్యలో దుప్పటి పరిచి, దిండు ఊదుకుని పడుకుంది. మా ఆయన కంగారుపడి, "ఏం సిస్టర్, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు.

కళ్ళు మూసుకునే, "ఇల్లు సూస్తాండానప్పా" అంది.

ఇంకాసేపటికి గురక మొదలైంది. మా ఇంట్లో మేమే కాళ్ళ మునివేళ్ళ మీద నడుస్తూ, గుసగుసలాడుకుంటూ తిరిగాం. ఎండ వాలాక లేచి కూర్చుని, వార్డులో డాక్టరుకు చెప్పినట్టు వరసగా చెప్పడం మొదలుపెట్టింది. "వంటింటి కొళాయి నిలవట్లా, వాషరు మార్చండి. ఆ పడమటి కిటికీలో నుంచి ఎండ సక్కగా మొగం మీదికే వస్తాది, ఆడ ఒక తెర కట్టండి. ఎదురింట్లో మిక్సీ ఏస్తే మీ ఫ్యాను నీరసపడతాది. స్టోరు రూములో ఎలక ఉండాది. నాకు బాగా వినపడింది."

ఎలుక లేదు. మా ఆయన ఆ వేళంతా స్టోరు రూములో డబ్బా ముందు కూర్చుని మురుకులు తిన్నాడు. ఆ సంగతి నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. మరుసటి వారం ఆమె మాట మీద ఎలుకల బోను తెచ్చి పెట్టుకున్నాం కూడా.

అప్పుడే పక్క మండపంలో ఎవరో మైకు సరిచూస్తూ "హలో, హలో" అని అరిచాడు. గోడకున్న మా పెళ్ళి ఫోటో ఊగింది. సిస్టరమ్మ అటు తిరిగి, "ఇదమ్మా అసలు జబ్బు" అంది.

ఇల్లు అమ్మడం గురించి ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. అమ్మే ముందు సున్నం వేయకూడదు. మా ఆయన అప్పటికే రంగు డబ్బాలు తెచ్చిపెట్టాడు. "జరమొచ్చినోడికి పౌడరు పూస్తే జరం తగ్గతాదా? కొత్త రంగు సూస్తానే కొనేటోడు గోడలు గోకి సూస్తాడు" అని వాటిని వెనక్కి పంపించింది. పెళ్ళి ఫోటోలు తీసేయాలి. "మీ మొగాలు గోడ మీదుంటే, వాళ్ళకి మీ ఇంటికి సుట్టపుసూపుగా వచ్చినట్టుంటాది. కాఫీ తాగి లేసి ఎలిపోతారు." పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉండాలి, కానీ ఎండుచేపలు వద్దు. అన్నిటికంటే ముఖ్యం, కొనేవాళ్ళు వచ్చినప్పుడు ఇంటివాళ్ళు ఇంట్లో ఉండకూడదు. "మీరుంటే వాళ్ళు మంచిమాటలు సెప్తారు. మీరు లేకుంటే నిజం మాట్లాడతారు. నాకు ఆ నిజం కావాల."

కొనేవాళ్ళకు మాత్రం ఒకటే నియమం. డబ్బులు మాట్లాడక ముందు ఆ ఇంట్లో మధ్యాహ్నం ఒక కునుకు తీయాలి. రాత్రి ఎవరైనా నిద్రపోతారట, పగలు నిద్ర పట్టిన ఇల్లే మనదట. నిద్ర పట్టలేదని చెప్పినవాళ్ళకు ఆమె ఇల్లు ఇప్పించేది కాదు, వాళ్ళు కావాలని కాళ్ళావేళ్ళా పడినా సరే. ఎవరో కాంట్రాక్టరు నిద్ర నటిస్తే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "లెయ్యప్పా, నువ్వు పడుకోలా" అని లేపేసిందట.

ఏ ఊళ్ళో, ఏ పేటలో ఉంటే బాగుంటుందని అడిగినవాళ్ళకు మందు రాసిచ్చినట్టే చెప్పేది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఆమె చుట్టూ ఎప్పుడూ నలుగురు ఉండేవాళ్ళు. ఒకసారి ఆమె కోసం వెళ్ళి, నేను కూడా ఆ వరసలో నిలబడి విన్నాను.

నా ముందున్నాయన పుంగనూరు గురించి అడిగాడు. "పుంగనూరా? మంచి ఊరప్పా. పాలు సిక్కగా ఉంటాయి, యాడికి పోవాలన్నా బస్సుంటాది. పొద్దు మునిగితే ఊరు కూడా ముడుసుకుంటాది. మీకు బీపీ ఉండాది గదా, పోండి. మీ అల్లుడికి మాత్రం తోసదు."

ఇంకొకామెకు నీరుగట్టువారిపల్లెలో ఇల్లు చవగ్గా వస్తోందట. "ఆడ మగ్గాలమ్మా. టక టక టక అని ఆడతానే ఉంటాయి. నీ బిడ్డ సదువుకునేదుంది గదా, వొద్దు. నీ మొగుడికి చెవుడైతే సెప్పు, మంచి ఇల్లుండాది." టమాటా మార్కెట్ వైపు ఎవరికీ ఇప్పించేది కాదు, రాత్రంతా లారీలని. పేరులో వ్యాలీ అని ఉన్న లేఅవుట్లంటే ఆమెకు మండిపోయేది. "వ్యాలీ అనిందల్లా ఎగువనే ఉంటాదమ్మా, నీళ్ళెక్కవు" అనేది. ఆ మాట నిజం కాదు. మా హెడ్మాస్టరుది అట్లాంటి లేఅవుటే, ఆయన ఇంట్లో ట్యాంకు పొర్లి వీధి తడుస్తూ ఉండేది. ఆ సంగతి చెబితే, "ఆయప్ప అదృష్టం" అని కొట్టిపారేసింది.

గుర్రంకొండలో కోట కనిపించేట్టు ఇల్లు కావాలని బెంగళూరు నుంచి వచ్చిన ఒక జంటను ఆమె అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. "కోట సూస్తా ఎన్నాళ్ళు కూకుంటారమ్మా? వారం తిరిగేతలికి మీకు కోట అలవాటైపోతాది. ఆడ కొత్తిమీర కోసం నడిసేది మాత్రం అలవాటు కాదు."

మా ఇంటికి మందు ఏమిటన్నది మాత్రం తేలలేదు. మా ఆయనే ఒక ఉపాయం ఆలోచించాడు. ఆషాఢం వస్తోంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. మండపం గుడి మాదిరి ప్రశాంతంగా ఉంటుంది. అప్పుడే చూపించేస్తే సరిపోతుంది. నాకూ అది తెలివైన ఆలోచనగానే తోచింది. ఆషాఢంలో సిస్టరమ్మ రామసముద్రం వైపు నుంచి ఒక రైతు దంపతులను తీసుకొచ్చింది. కొడుకు చదువు కోసం టౌన్లో ఇల్లు చూస్తున్నారు. ఇద్దరూ హాలులో పడుకుని, సాయంత్రం దాకా కదల్లేదు. లేచి ముఖాలు కడుక్కుని, "ఇల్లు బాగుండాదమ్మా, సల్లగుండాది" అన్నారు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను మనసులోనే కుప్పంలో మల్లెలు కోస్తున్నాను.

"సరే. శ్రావణంలో ముహూర్తాల రోజొచ్చి ఇంకొకసారి పడుకోండి" అంది సిస్టరమ్మ.

"యాలమ్మా?" అన్నాడు ఆ రైతు.

"ఆ పక్కనుండేది పెండ్లిళ్ళ మండపం గదప్పా."

వాళ్ళు శ్రావణంలో వచ్చారు. ఆ రోజు మేళం, దాని పైన మైకులో సినిమా పాటలు, వాటి పైన వీడియోవాడి అరుపులు. ఆ పెద్దమనిషి లేచి చెప్పులేసుకుంటూ ఏదో అన్నాడు గానీ ఎవరికీ వినపడలేదు. భార్య కొంగుతో చెవులు మూసుకుని అప్పటికే గేటు దాటేసింది.

ఆ సాయంత్రం మా ఆయన మొట్టమొదటిసారి సిస్టరమ్మ మీద గట్టిగా అరిచాడు. "మీరు మాకు బ్రోకరా, వాళ్ళకి బ్రోకరా? ఆషాఢంలోనే అయిపోయుండేది. కుప్పంలో ఆయన రెండు పొద్దులకొకసారి ఫోన్ చేస్తాండాడు. మా కాపురం అంతా బస్సుల్లోనే తెల్లారిపోవాల్నా?"

నేనూ అడ్డుపడలేదు. నాకూ అంతే కోపంగా ఉంది. సిస్టరమ్మ మా ఇద్దరి వైపూ చూసి, గొడుగును గోడకు ఆనించి కూర్చుంది.

"అప్పా, నేను ఈ ఊళ్ళోనే ఉండాల గదా. చర్చిలో నా ఎనక బెంచీలో కూకునేటోళ్ళంతా నేను ఇండ్లు ఇప్పించినోళ్ళే. వాళ్ళల్లో ఒక్కరు నిద్దర లేక ఎర్రకండ్లతో నా ఎనక కూకున్నా, నాకు పాట రాదు. మీరు కుప్పానికి పోతారు, నేను యాడికి పోతాను?" అని, మళ్ళీ తనే, "మీరు బస్సుల్లో తిరిగేది నాకు తెలీదా? తెలుసు గాబట్టే మజ్జిగ కూడా తాగకుండా తిరగతాండా" అంది.

నిజంగానే ఆ రోజు ఆమె మజ్జిగ అడగలేదు. నేను లేచి వెళ్ళి తెచ్చిచ్చాను.

ఆ శ్రావణమంతా మాకు ఒక విచిత్రమైన అలవాటు అయింది. కొనేవాళ్ళు వస్తే మేము ఇంట్లో ఉండకూడదు. వాళ్ళు వచ్చేది ముహూర్తం రోజునే, మా ఆయన సెలవు పెట్టి వచ్చేవాడు. ఆ ఎండలో ఎక్కడికి పోతాం? పక్కనున్న మండపంలోకే పోయేవాళ్ళం. ఆయన ఇస్త్రీ చొక్కా, నేను పట్టుచీర. మగపెళ్ళివాళ్ళు మమ్మల్ని ఆడపెళ్ళివాళ్ళనుకునేవాళ్ళు, ఆడపెళ్ళివాళ్ళు మగపెళ్ళివాళ్ళనుకునేవాళ్ళు. చేతిలో అక్షింతలు పెట్టి ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. ఒక పెళ్ళిలో మా ఆయన వంకాయ కూర బాగుందని రెండోసారి అడిగితే, వడ్డించేవాడు "మామా, ఇంకా ఏసుకోండి" అని కుమ్మరించాడు. ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం కలిసి అన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళింది ఆ ఒక్క నెలలోనే. ఇల్లు మాత్రం అమ్ముడుపోలేదు. పడుకోవడానికి వచ్చినవాళ్ళందరూ మేము భోజనం చేసి వచ్చేలోగానే వెళ్ళిపోయేవాళ్ళు.

శ్రావణంలో ఆఖరి ముహూర్తం మిగిలింది. అది దాటితే భాద్రపదం, మళ్ళీ పెళ్ళిళ్ళు లేవు. మేళం లేని రోజు చూపించి సిస్టరమ్మ ఎవరికీ ఇప్పించదు. భాద్రపదం మొదలైతే చవితి వచ్చినట్టే. కుప్పం ఇల్లు పోయినట్టే. నేను బదిలీ రద్దు చేయించుకోవాలా, ఆ మంచం నిలబెట్టే గదిలో ఉండాలా అని రోజూ మథనపడుతున్నాను.

అప్పుడు సిస్టరమ్మ వెలుగుతున్న ముఖంతో వచ్చింది. "మందు దొరికిందమ్మా! పుంగనూరులో ఒక పెద్దాయన ఉండాడు. సన్నాయి వాయించేటోడు. పండ్లు ఊడిపోయి మానేసినాడు. టౌన్లో ఇల్లు సూస్తాండారంట. మేళంలోనే పుట్టి పెరిగిన మనిషి. మీ హాల్లో పసిబిడ్డ మాదిరి నిద్దరపోతాడు సూడు!"

ఇంతకంటే సరైన మనిషి ఉండడని మాకూ అనిపించింది. ఆ ఆఖరి ముహూర్తం రోజు పెద్దాయన భార్యతో కలిసి వచ్చాడు. భార్యది పాల వ్యాపారం, ఊళ్ళో సగం కాఫీ క్లబ్బులకు ఆమే పాలు పోసేదట. చేతిలో పెద్ద తాళాల గుత్తి, నోట్లో వక్కాకు. పెద్దాయన దుప్పటి మీద పడుకోవడం చూసి, మేము నిశ్చింతగా మండపానికి వెళ్ళాం.

ముహూర్తం పట్టపగలే. పెళ్ళికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు, మేమంతా అక్షింతలు పట్టుకుని నిలబడ్డాం. సరిగ్గా అప్పుడు, మండపం గేటులో నుంచి మా ఇల్లు కొనవలసిన పెద్దాయన పైపంచె దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. నేరుగా మేళగాళ్ళ ముందు నిలబడి, "ఏందప్పా అది? దాన్ని రాగమంటారా? ఆ పై సరం కాడ అట్ల జారిపోతారా? మీకు సెప్పిచ్చినోడెవురు?" అని గద్దించాడు.

సన్నాయి ఆయన ఈయనను గుర్తుపట్టినట్టున్నాడు. వాయించడం ఆపి, లేచి నిలబడి దండం పెట్టాడు. పెద్దాయన పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. అవతల పురోహితుడు "గట్టిమేళం, గట్టిమేళం!" అని చెయ్యి ఊపుతున్నాడు. మేళం లేదు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని అట్లాగే వంగి ఉన్నాడు. పెళ్ళికూతురి తండ్రి ఎర్రబడిన ముఖంతో మేళగాళ్ళ వైపు పరుగెత్తాడు. పెద్దాయనకు అప్పుడు విషయం అర్థమైంది. చటుక్కున సన్నాయి లాక్కుని నోట పెట్టుకున్నాడు. పండ్లు లేవు కదా, గాలి వచ్చింది గానీ నాదం రాలేదు. డోలు ఆయన తెలివిగలవాడు కాబట్టి రెండు చేతులతో బాదేశాడు, తాళి పడింది, అక్షింతలు పడ్డాయి. పెద్దాయన సన్నాయి వాళ్ళ చేతికి తిరిగి ఇచ్చేసి, పంచెతో ముఖం తుడుచుకుని ఒక మూల నిలబడ్డాడు. ఆ మనిషిని చూసి నాకు గుండె బరువెక్కింది. మా ఇల్లు కూడా దాంతోపాటే పోయిందని ఇంకా బరువెక్కింది.

భోజనం చేయకుండానే ఇంటికి పరుగెత్తాం. మా ఆయన దారిలో, "ఇంగ సాలు, రంగు డబ్బాలు తెస్తా" అంటున్నాడు. వరండాలో సిస్టరమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి నోటి మీద వేలు పెట్టి, "ష్" అంది.

లోపల దుప్పటి మీద పాలావిడ పడుకుని ఉంది. తాళాల గుత్తి గుండెల మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది. పక్కన మైకులో పాట అద్దాలు అదిరేలా మోగుతోంది. ఆమెలో చలనం లేదు. మేము ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాం. చాలాసేపటికి పెళ్ళివాళ్ళు మైకు కట్టేశారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. అప్పుడు ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుని, "యాల ఆపేసినారు?" అని అడిగింది.

నీళ్ళు తాగి, తనే చెప్పింది. "కాపురానికి వచ్చిన్నాటి నుంచి ఈయప్ప సాధకం వింటానే పడుకునేదాన్నమ్మా. పండ్లు పోయి మానేసినాక ఇల్లు సద్దు లేకుండా అయిపోయింది. అప్పుటి నుంచి నాకు నిద్దర లేదు. మాత్రలు మింగినా లేదు. ఈ పొద్దే నిద్దరపోయినా. నాకీ ఇల్లు కావాల."

అప్పటికి పెద్దాయన కూడా వచ్చాడు. వింటూనే గోల చేశాడు. "నాకొద్దే! వాళ్ళ వాయిద్యం వింటా కూకుంటే నేను సస్తాను!"

"నువ్వు కూకోవద్దు. రోజూ గోడ దాటిపోయి వాళ్ళకి సెప్పిచ్చు. సెప్పేదానికి పండ్లెందుకు?" అంది ఆవిడ.

పెద్దాయన కిటికీలో నుంచి మండపం వైపు చూశాడు. తర్వాత మా ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా, "ఈడ ముహూర్తాలు బాగా ఉంటాయా సార్?" అని అడిగాడు.

సిస్టరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నేను ఆయనకి మందు రాస్తే ఆయమ్మకి పట్టింది సూడమ్మా! ఇన్నేండ్ల నర్సు పనిలో ఇట్లాంటిది సూడలా!" తను పొరబడినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

చవితికి ముందే కుప్పం వెళ్ళి మాట ఖాయం చేసుకుందామని బయల్దేరాం. తానూ వస్తానని సిస్టరమ్మ సంచి తగిలించుకుని బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా పల్లెలకు మందులు రాస్తూనే ఉంది. పుంగనూరు దాటాక, "ఆ ఇంట్లో మీరు పడుకున్నారా?" అని అడిగింది.

లేదన్నాం. మల్లెపందిరి, బావి చూసి మురిసిపోయామే తప్ప ఆ ఆలోచనే రాలేదు. ఆమె ముఖం చిట్లించింది. "ఊరికంతా సెప్పి, మీకు సెప్పకపోతినే" అంది. నిద్ర పట్టకపోతే వద్దంటుంది. ఈమె వద్దంటే మా ఆయన కొనడు, నేనూ కొనను. అప్పటికి ఆమె మాట మా ఇద్దరికీ అట్లా నాటుకుపోయింది. బస్సులో నాకు భయం మొదలైంది. నాకు కొత్తచోట నిద్ర పట్టదు.

కుప్పంలో ఇంటాయన తాళం తీసిచ్చి మల్లెపందిరి కింద కూర్చున్నాడు. సిస్టరమ్మ ఖాళీ హాలులో దుప్పటి పరిచి, దిండు ఊది పెట్టింది. "పడుకోండి. ఇద్దరూ."

మా ఆయన సిగ్గుతో ముడుచుకుపోయాడు. "సిస్టర్, పట్టపగలు, బైట ఆయన కూడా ఉండాడు..."

"పెండ్లయినోళ్ళే గదప్పా" అని తలుపు దగ్గరకేసి వెళ్ళిపోయింది.

ఒకే దిండు. చెరో చివర తల ఆనించి పైకప్పు చూస్తూ పడుకున్నాం. నిద్ర పట్టాలి, పట్టాలి అని ఇద్దరం కళ్ళు గట్టిగా మూసుకున్నాం. కాసేపటికి ఆయన మెల్లగా, "ఆ మూల నీకు అలమరా కావాల గదా" అన్నాడు. కావాలన్నాను. వంటిల్లు చిన్నదేమో అన్నాను. పడమటి గోడకు కిటికీ పెట్టిద్దామన్నాడు. ఎండ ముఖం మీదికి వస్తుందన్నాను. అట్లా మొదలై ఎక్కడెక్కడికో పోయింది. ఆ స్టోరు రూము ఎలుక తనేనని ఒప్పుకుని నవ్వాడు. తన గది గురించి చెప్పాడు. "రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసినాక కూడా ఇంకా కొంచెం సేపు నీతో మాట్లాడేవాణ్ణి. పక్క గదాయన ఒకసారి తలుపు కొట్టి, ఎవురొచ్చినారు సార్ అని అడిగినాడు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను ఆదివారం రాత్రుల గురించి చెప్పాను. ఆయనకోసం చేసిన కూర సోమవారం ఒక్కదాన్నే తినలేక పనిమనిషికి ఇచ్చేసేదాన్నని చెప్పాను. గోడ మీద ఎండ జరిగిపోతూ ఉంది, మేము చెప్పుకుంటూనే ఉన్నాం.

తలుపు చప్పుడైంది. సిస్టరమ్మ తల లోపలికి పెట్టి, "నిద్దర పట్టిందా?" అని అడిగింది.

మేము దొరికిపోయినట్టు లేచి కూర్చున్నాం. అబద్ధం చెప్పినా ఆమెకు తెలిసిపోతుంది.

"లేదు సిస్టర్" అన్నాడు మా ఆయన. "ఒక్క నిమిషం కూడా పట్టలా. మాట్లాడుకుంటా ఉండిపోయినాం."

ఆమె మా ఇద్దరి ముఖాల వైపు మార్చి మార్చి చూసింది. లోపలికి వచ్చి, మోకాళ్ళ మీద వంగి, దిండు బిరడా తీసి గాలి వదలడం మొదలుపెట్టింది.

"అయితే ఇంగేం సూస్తాండారప్పా" అంది. "బయానా ఇచ్చేయండి."